మూడు సీడీలు, ఒక మెయిన్ స్విచ్

1998 నవంబరులో నన్ను ఉదయగిరి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి జె.టి.ఓ.గా వేశారు. జె.టి.ఓ. అంటే జూనియర్ టెలికం ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉంది గానీ, స్విచ్చు గది నుంచి ఊరి చివరి స్తంభం దాకా ఏది చెడినా పరిగెత్తాల్సింది నేనే. పై అధికారి, అంటే సబ్ డివిజనల్ ఇంజనీరు, ఆత్మకూరులో కూర్చునేవారు. ఆయన దగ్గరికి ఒక కాగితం పట్టుకెళ్ళి సంతకం చేయించుకు రావాలంటే బస్సులో ఒక పూట పోయేది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. ముక్కు మీదే కోపం. చేతిలో ఎప్పుడూ టెస్ట్ ఫోను ఉండేది. అది డయల్ ఉన్న ఒక హ్యాండ్‌సెట్, తీగ చివర రెండు క్లిప్పులు. ఏ స్తంభం మీదైనా, ఏ పెట్టెలోనైనా తీగకి తగిలిస్తే లైను బతికుందో లేదో వినొచ్చు. టీ అంగడికి కూడా దాన్ని పట్టుకునే వెళ్ళేవాణ్ణి. ఊళ్ళో నా పేరు చాలామందికి తెలియదు, ‘చేతిఫోను సారు’ అంటే తెలుసు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఆ జాగాలోకి జేబు ఫోను వచ్చింది. కోపం మాత్రం తగ్గలేదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం.

ఆ జేబు ఫోనుకే ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. ఇంట్లో కంప్యూటరు ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏ లైనక్స్ వెయ్యమంటారు అని. నా జవాబు 1999 మే నెలలో ఉదయగిరిలో తయారైంది. అందులో నా తెలివి వాటా తక్కువే.

మా ఎక్స్ఛేంజికి రెండు వీధుల అవతల ఎస్తేరమ్మ గారి ఇల్లు. ముందు గదిలో ఆరు టైపు మిషన్లు, వెనక కాపురం. ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలకి ఇంగ్లీషు లోయర్, హయ్యర్ పరీక్షలకి టైపు నేర్పుతున్నారు. కళ్ళకి గుడ్డ కట్టినా తప్పు లేకుండా కొట్టేవారు. ఆమె భర్త దేవసహాయం గారు కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. వసారాలో కుర్చీ వేసుకుని కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ముందే చెప్పడం ఆయనకి కాలక్షేపం. చాలాసార్లు నిజమయ్యేది.

ఆ వేసవికి టైపు మిషన్ల ముందు కూర్చునేవాళ్ళు బాగా తగ్గిపోయారు. మగపిల్లలు కంప్యూటరు నేర్చుకుంటామని ఆత్మకూరు బస్సెక్కుతున్నారు. ఐదుగురు ఆడపిల్లలు మిగిలారు. వాళ్ళ ఇళ్ళలో రోజూ ఆత్మకూరు పంపేది లేదన్నారు. ఇక్కడే నేర్పితే సరే, లేకుంటే చదువు చాలు. ఎస్తేరమ్మ గారు ఒక పాత ఫోర్ ఎయిట్ సిక్స్ కంప్యూటరు కొనేశారు. జూన్ నుంచి నేర్పుతానని ఆ ఇళ్ళలో మాట కూడా ఇచ్చేశారు.

అమ్మిన షాపువాడు అందులో దొంగ కాపీ సాఫ్ట్‌వేరు వేసి ఇచ్చాడు. ఆ రోజుల్లో అందరూ చేసేదే. ఫోను రిపేరుకి వెళ్ళినప్పుడు మాటల మధ్య ఆ సంగతి నా నోటి నుంచి జారింది. ఆమె చెయ్యి మీటల మీద ఆగిపోయింది.

“అంటే ఇది దొంగ సరుకా?”

“అందరూ ఇదే వాడతారమ్మా. అసలుది కొనాలంటే మీ కంప్యూటరుకి పెట్టినంత పెట్టాలి.”

“అందరి సంగతి నాకెందుకు? దొంగ సరుకు ముందర కూర్చోబెట్టి పిల్లలకి ఏం పాఠం చెప్పేది? తీసెయ్ నాయనా. నిజాయితీది ఏదన్నా ఉంటే ఎయ్. లేదంటే ఈ డబ్బాని దేవసహాయం మందుల పెట్టెగా వాడుకుంటాడు.”

అప్పుడు నేను లైనక్స్ గురించి చెప్పాను. కంప్యూటరు వెయ్యగానే దాన్ని లేపి, మనం చెప్పిన పని దానిచేత చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. లైనక్స్ అలాంటిదే. తేడా ఏమిటంటే రాసినవాళ్ళు లోపలి రాత కూడా బయటపెట్టి, కాపీ చేసుకోండి, మార్చుకోండి, పదిమందికీ పంచండి అని అనుమతి ఇచ్చారు. ఎస్తేరమ్మ గారు రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు. ఇచ్చినవాళ్ళు మనస్ఫూర్తిగానే ఇచ్చారా, పోలీసులొస్తే చూపించడానికి కాగితం ఉంటుందా అని. ఉంటుందన్నాను. నిజంగానే సీడీలో అనుమతి పత్రం ఉంటుంది.

లైనక్స్ ఒకటే అయినా దాన్ని మూటకట్టి ఇచ్చే బృందాలు చాలా ఉండేవి. బియ్యం ఒకటే, వంటవాళ్ళు వేరు. నా దగ్గర మూడు సీడీలు ఉన్నాయి. ఒకటి కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చింది. రెండోది మా స్నేహితుడు ఇచ్చింది. మూడోది హైదరాబాదు కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది, దాని మీద గీతలు కూడా ఉన్నాయి. పేర్లు రాయడం లేదు. ఆ వెర్షన్లు ఇప్పుడు దొరకవు, దొరికినా వాడకూడదు.

కంప్యూటరును స్కూటరు మీద ఎక్స్ఛేంజికి తెచ్చాను. సీడీ డ్రైవు ఆత్మకూరులో తెలిసినవాళ్ళని అడిగి తెచ్చాను. డ్యూటీ అయ్యాక నాలుగు సాయంత్రాలు మూడు సీడీలనూ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూశాను. ముందు ఒక ఫ్లాపీతో లేపి, తర్వాత సీడీ నుంచి ఎక్కించాలి. మధ్యలో మానిటరు వివరాలు అడుగుతుంది, తప్పు చెబితే మానిటరు పాడవ్వచ్చని బెదిరిస్తుంది. మొదటిది పూర్తయ్యాక తెర మీద బొమ్మలు, కిటికీలు, కింద ఒక పట్టీ వచ్చాయి. చూడముచ్చటగా ఉంది. రెండోది కూడా బొమ్మలదే, కాస్త మొరటు. మూడోది నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ‘నీ పేరేమిటి’ అని అడిగి ఊరుకుంది. దాన్ని అక్కడే కొట్టేశాను. ఇది ఇంజనీర్లకు, టైపు టీచరుకు బొమ్మలు కావాలి అని తేల్చేశాను. మొదటిదాన్నే ఎక్కించి, పిల్లల తండ్రులకి చూపిస్తామన్న శనివారానికి ఎస్తేరమ్మ గారింట్లో పెట్టాను.

ఆ శనివారం ఐదుగురు పిల్లల తండ్రులూ వచ్చారు. నేనే కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకున్నాను. కిటికీ తెరిచాను, మూశాను, పేకముక్కల ఆట చూపించాను. అందరూ తలలు ఊపుతున్నారు. వసారాలోంచి దేవసహాయం గారు, “ఇంక పోతుంది చూడండి” అన్నారు. పోయింది.

పావుగంటలో కరెంటు వచ్చింది. కంప్యూటరు మాత్రం సగం దాకా లేచి ఆగిపోయింది. తెర నిండా ఇంగ్లీషు. సారాంశం ఇది: నన్ను సరిగ్గా ఆపకుండా కరెంటు తీసేశారు, నా డిస్కులో లెక్కలు తప్పాయి, తెలిసినవాళ్ళు వచ్చి చేత్తో సరిచెయ్యాలి, ముందు పాస్‌వర్డ్ చెప్పు. నేను ఆదేశం కొట్టాను. తప్పు పడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బల్ల మీద చరిచి, “రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్ళో కంప్యూటర్లు ఎందుకండీ అసలు?” అని అరిచాను.

ఎస్తేరమ్మ గారు నా చేతి వంక చూసి నెమ్మదిగా అన్నారు. “ఈ ఊళ్ళోనే ఉండాము కాబట్టి నాయనా.”

తండ్రుల్లో ఒకాయన, మెట్ట సేద్యం చేసేవాడు, లేచి తువాలు భుజాన వేసుకున్నాడు. “టీచరమ్మా, సోమవారం మళ్ళీ వస్తాము. అప్పటికి ఇది లేస్తే పిల్లను పంపిస్తా. లేదంటే ఏమనుకోవద్దు, ఇంట్లో బర్రెలన్నా చూసుకుంటాది.” మిగతావాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు.

మర్నాడు ఆదివారం. అంటే ఉన్నది ఒక్క రోజు.

తిరిగి వస్తుంటే నా వెనక స్కూటరు మీద లైన్‌మన్ మలకొండయ్య ఉన్నాడు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. వాళ్ళింట్లో కంప్యూటరు దింపడానికి సాయం వచ్చి అంతా చూశాడు. ఎక్స్ఛేంజి గేటు దగ్గర దిగి అన్నాడు.

“సార్, మీరు టెస్టు చేసింది యాడ?”

“ఇక్కడే. నాలుగు రోజులు. ఒక్కసారి కూడా చెడలేదు.”

“ఈడ చెడేదానికి కరెంటు యాడ పోతాది సార్?”

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజి బయటి కరెంటు మీద నేరుగా నడవదు. గది నిండా బ్యాటరీలుంటాయి, బయటి కరెంటు వాటిని నింపుతుంది, అవి ఎక్స్ఛేంజిని నడుపుతాయి. ఊరంతా చీకటైనా ఫోను మోగేది అందుకే. ఆ బ్యాటరీల మీద నడిచే ప్లగ్గుకే నేను కంప్యూటరు తగిలించాను. ఆ పాయింటు ఇంటి కంప్యూటర్ల కోసం పెట్టింది కాదు, వాడటం నా తప్పే. నాలుగు రోజుల్లో ఊళ్ళో కరెంటు ఎన్నిసార్లు పోయిందో నాకు తెలియను కూడా తెలియదు. ఫ్యాను ఆగందే కరెంటు పోయినట్టు ఎవరికి తెలుస్తుంది? ఆ పొరపాటు మా టెలిఫోన్లవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

మలకొండయ్య అంతటితో ఆగలేదు. కొత్త ఫోను బిగించినప్పుడు అతనికి ఒక పద్ధతి ఉండేది. కనెక్షను ఇమ్మని మా ఆఫీసు రాసే కాగితాన్ని అడ్వైస్ నోట్ అంటారు. పని అయ్యాక దాని మీద చందాదారు సంతకం తీసుకోవాలి. మిగతావాళ్ళు తామే ఒక నంబరు తిప్పి, “పలుకుతోంది, సంతకం పెట్టండి” అనేవారు. మలకొండయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, మొదటి ఫోను ఆ ఇంటివాళ్ళ చేతనే చేయించేవాడు. ముసలమ్మ అయినా సరే. వాళ్ళు తప్పు తిప్పితే మళ్ళీ తిప్పమనేవాడు. ఆలస్యమని నేను ఒకట్రెండుసార్లు కసిరాను కూడా.

“మనం తిప్పితే మోగక ఏం చేస్తాది సార్,” అన్నాడు. “మన చెయ్యికి అలవాటైపోయి ఉండాది. పొద్దున టీచరమ్మ ఆ కుర్చీలో కూర్చోనే లేదు. మీరే కూర్చున్నారు.”

నాకు కోపం వచ్చింది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. మూడు సీడీలూ తీసి అతని చేతిలో పెట్టి, రేపు నువ్వు చెప్పినట్టే చేద్దాం అన్నాను.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యేదాకా ఎస్తేరమ్మ గారు ఏదీ ముట్టనివ్వలేదు. తర్వాత మలకొండయ్య నియమాలు చెప్పాడు. సారు బెంచీ మీద కూర్చుంటారు, చేతులు వెనక. టీచరమ్మ అడిగితేనే సారు నోటితో చెప్పొచ్చు, మీట నొక్కకూడదు. కుర్చీలో టీచరమ్మ. ఒక్కో సీడీకి మూడుసార్లు చెప్పాపెట్టకుండా కరెంటు తీసేస్తారు. తీసే పని దేవసహాయం గారిది. ఆయన మెయిన్ స్విచ్ కింద కుర్చీ వేసుకుని, ఉద్యోగంలో చేరిన కుర్రాడిలా మెరిసిపోయారు.

మొదటి సీడీ ఎక్కే ఉంది. చేత్తో సరిచేసి లేపడానికి ఆమె చేత ఆదేశాలు కొట్టించాను. నిన్న నాకు రెండుసార్లు తప్పు పడినది ఆమెకి మొదటిసారే సరిగ్గా పడింది. బొమ్మలు రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ పాత కంప్యూటరుకి అంత బరువు మోసే శక్తి లేదు. ఎక్స్ఛేంజిలో ఆ సమయంలో నేను టీ తాగి వచ్చేవాణ్ణి కాబట్టి గమనించలేదు. బొమ్మలు వచ్చాక ఆమెకి మౌసుతో తగాదా మొదలైంది.

“ఏంది నాయనా ఇది, మాటిమాటికీ చెయ్యి తీసి ఈ సబ్బుబిళ్ళని పట్టుకోమంటావు? ఇరవై ఏళ్ళుగా మీటల మీద నుంచి చెయ్యి తీస్తే స్కేలుతో కొడతా ఉండాను పిల్లల్ని.”

దేవసహాయం గారు స్విచ్చు కిందికి లాగారు. మొదటిసారి లేచింది. రెండోసారి శనివారం లాగే ఆగిపోయి పాస్‌వర్డ్ అడిగింది. మలకొండయ్య దాన్ని తీసి పక్కన పెట్టాడు.

రెండోది ఎక్కించేటప్పుడు మానిటరు సంగతి అడిగింది. మీ మానిటరు అడ్డగీతల వేగం ఎంత అని. “మా ఆయన బీపీనే నాకు తెలవదు, దీని వేగం యాడ తెలుస్తాది?” అన్నారు. నేను చెప్పబోయాను. మలకొండయ్య దగ్గాడు. నోరు మూసుకున్నాను. ఆమె ఏదో అంకె ఇచ్చారు, తెర మినుకుమినుకుమని నల్లబడిపోయింది. భయపడి ఆమే ప్లగ్గు పీకేశారు. స్విచ్చు లాగే అవకాశం రాలేదని దేవసహాయం గారు నొచ్చుకున్నారు.

మూడోది ఎక్కించడానికి నాకు మనసు రాలేదు. అయినా ఎక్కించాం. నల్ల తెర మీద తెల్ల గీత మినుకుతూ పేరు అడిగింది. ఆమె కొట్టారు. పాస్‌వర్డ్ అడిగింది. అక్కడ మనం కొట్టేది తెర మీద కనబడదు. కొత్తవాళ్ళందరూ మీటలు చెడిపోయాయనుకుని ఆగిపోయే చోటు అదే. ఆమె అసలు తెర వైపు చూడనే లేదు. టకటకా కొట్టి ఎంటర్ నొక్కారు. లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. అందులో ఉత్తరాలూ అవీ రాసుకునే ఒక చిన్న ఎడిటరు ఉంది, వర్డ్‌స్టార్ అనే ప్రోగ్రాము మీటలతోనే పనిచేస్తుంది. ఆత్మకూరు ఆఫీసుల్లో అప్పుడు నడిచేది వర్డ్‌స్టారే. ఎస్తేరమ్మ గారు నన్ను అడిగి ఆ మీటల పట్టిక ఒక కాగితం మీద రాసుకుని పక్కన అతికించుకున్నారు. చేతులు మీటల మీద నుంచి లేవలేదు. ఆదేశం ఇచ్చేటప్పుడు పెద్దక్షరం వెయ్యాల్సిన చోట చిన్నక్షరం వేస్తే ఆ లైనక్స్ ఒప్పుకోలేదు. ఖాళీ వదలాల్సిన చోట వదలకపోతే ఒప్పుకోలేదు. నాకు దాని మీద చికాకు పుట్టించిన గుణం అదే. ఆమె మొహం వెలిగిపోయింది.

“ఇన్నేళ్ళకి ఒక్కటి దొరికింది అబ్బయ్యా, నా అంత కచ్చితంగా ఉండేది.”

దేవసహాయం గారు స్విచ్చు లాగారు. వేశారు. తెర మీద వరుసగా అక్షరాల లైన్లు పడ్డాయి, డిస్కు గరగరలాడింది, పేరు అడిగింది. రెండోసారి అంతే. మూడోసారి అంతే. తర్వాత లోపల చూస్తే కారణం తెలిసింది. దాన్ని మూటకట్టినవాళ్ళు, లేచేటప్పుడు జరిగే తనిఖీలో వచ్చే ప్రశ్నలన్నిటికీ ‘సరే, సరిచెయ్యి’ అని ముందే జవాబు రాసిపెట్టారు. మనిషిని అడిగి కూర్చోదు. పైగా మోయాల్సిన బొమ్మలూ లేవు. ఎప్పుడైనా ఒక ఫైలు పోవచ్చు, అందుకు రోజూ ఫ్లాపీలోకి ఒక కాపీ తీసుకోమన్నాను.

ఆమె ఒక ఉత్తరం సగం కొట్టారో లేదో కరెంటు నాలుగోసారి పోయింది. ఊళ్ళో ఉంది, ఇంట్లో లేదు.

“ఏమయ్యా! మూడుసార్లే గదా అన్నది!”

“చెప్పాపెట్టకుండా అన్నారు గదా,” అన్నారు దేవసహాయం గారు స్విచ్చు పక్కనుంచి.

పోయిన నాలుగు లైన్లూ మళ్ళీ కొట్టాక ఆమె ఒక నియమం పెట్టుకున్నారు. టైపు మిషన్లో లైను చివరికొచ్చినప్పుడు గంట మోగుతుంది, అప్పుడు క్యారేజి తొయ్యాలి. కంప్యూటరుకి గంట లేదు కాబట్టి స్కేలుతో బల్ల మీద కొడతారు. కొట్టగానే అప్పటిదాకా రాసింది డిస్కులో దాచే మీటలు నొక్కాలి. ఆ స్కేలు చప్పుడు తర్వాత చాలాకాలం మా వీధి దాకా వినబడేది.

చీకటి పడకముందే లేవబోతూ నిన్నటి మాటకి క్షమించమన్నాను. ఆమె సరేననలేదు. ఒక టైపు మిషను ముందు కూర్చోబెట్టి కాగితం ఎక్కించారు. “నిన్న కోపంలో రెండు వేళ్ళతో పొడస్తా ఉండావు. దేవుడు పది ఇచ్చినాడు. ఎ ఎస్ డి ఎఫ్, పది లైన్లు కొట్టి పో.” కొట్టాను. మూడో లైన్లో తప్పు పడితే కాగితం పీకి కొత్తది ఎక్కించారు. మలకొండయ్య గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం పొద్దున తండ్రులు వచ్చారు. ఈసారి నేను వసారాలోనే ఉన్నాను. కుర్చీలో ఎస్తేరమ్మ గారు. ఒక పిల్ల పేరు మీద దరఖాస్తు కొడుతున్నారు. సగంలో కరెంటు పోయింది. ఎవరూ లాగలేదు, నిజంగానే పోయింది. ఆమె లేవలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చాక లైన్లు పడ్డాయి, పేరు అడిగింది, ఆమె చెప్పారు, స్కేలు చప్పుడు దాకా రాసిన దరఖాస్తు తెర మీదికొచ్చింది. తువాలు భుజాన వేసుకున్న ఆయన ముందుకొంగి చూశాడు.

“మా బోరు మోటారు కూడా ఇట్టా దానంతట అది లేస్తే ఎంత బాగుండు టీచరమ్మా,” అని, వెనక నిలబడ్డ కూతుర్ని ముందుకు తోశాడు. “కూర్చోమ్మే.”

ఐదుగురూ చేరారు. నేను బదిలీ అయి వెళ్ళేదాకా ఆ కంప్యూటరు అదే మూడో సీడీతో నడిచింది. దాన్ని బాగుచెయ్యడానికి నన్ను ఒక్కసారే పిలిచారు. అప్పుడు చెడింది సిస్టమ్ కాదు, లోపల బల్లి దూరింది.

కాబట్టి ఏది సులువైనది అని నన్ను అడిగేవాళ్ళకి నేను పేరు చెప్పను. ఎవరికి అని అడుగుతాను. రెండు మూడు రకాలు తీసుకెళ్ళి, వాడబోయే మనిషి ఇంట్లో, ఆ ఇంటి కరెంటు మీద, ఆ మనిషి చేత్తోనే వేసి చూడమంటాను. ఆ తర్వాత నా సర్వీసులో ఏ కొత్త పరికరాన్ని పరీక్షించి తీసుకోవాల్సి వచ్చినా అలాగే చేశాను. టెస్ట్ ఫోను పక్కవాడికిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి.